పడవలో ఒకే పొయ్యి

మొన్న మనవరాలి పుట్టినరోజని మా వాళ్ళంతా దిండిలో హౌస్‌బోటు మాట్లాడారు. మోకాళ్ళ నొప్పులు, నేనెక్కలేనర్రా అంటే వినలేదు. అల్లుడొక చెయ్యీ కూతురొక చెయ్యీ పట్టుకుని బల్ల మీదుగా లోపలికి దాటించి సోఫాలో కూర్చోబెట్టారు. పిల్లలు ఫోన్లు పుచ్చుకుని మేడ మీదకి పరిగెత్తారు. పడవ కదిలిన సంగతే నాకు తెలియలేదు. కిటికీలోంచి కొబ్బరిచెట్లు వెనక్కి పోతుంటే, ఓహో బయల్దేరాం కాబోలు అనుకున్నాను.

కాసేపటికి వెనక వంటగదిలో ఎవరో పోపు పెట్టారు. ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ. ఇంట్లో రోజూ పీల్చే వాసనే. కాని నీటిమీద, ఒండ్రు వాసనా నాచు వాసనా కలిసిన గోదావరి గాలిలో పోపు వాసన వేరేగా ఉంటుంది. అలాంటిది ముక్కుకి తగిలి ఒక జన్మంత కాలమైంది.

"ఏంటి అమ్మమ్మా, కళ్ళమ్మట నీళ్ళు?" అంది మనవరాలు.

"ఘాటుకేలే" అన్నాను.

మాకూ ఒక పడవ ఉండేది. ఆ మాట మా పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే మిగిలినదంతా చెప్పాలి.

మాది బజారులో కిరాణా వ్యాపారం. ఊరు కాలవ ఒడ్డునే. లంక గ్రామాలనుంచి బెల్లం, కొబ్బరికాయలు దుకాణానికి చేరవెయ్యడానికి తాతయ్య చిన్న తెరచాప పడవ ఒకటి కొన్నాడు. లారీలొచ్చాక దానికి పని లేకుండా పోయింది. అయినా అమ్మలేదు. వీలు చిక్కినప్పుడల్లా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని షికారు తిప్పేవాడు. వెదురుబద్దల గూడు, అతుకుల తెరచాప, తారు పూసిన అడుగు. ఎంత కడిగినా బల్లల్లోంచి బెల్లం వాసన పోయేది కాదు. ఆ వాసనకి ఎర్రచీమలు ఎప్పుడూ మాతోపాటే ప్రయాణం చేసేవి.

తాతయ్య పోయిన ఏడాది తిరక్కుండానే పెదనాన్నకీ మా నాన్నకీ మాటల్లేకుండా పోయాయి. ఆ తగువు దేంతో మొదలైందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. దుకాణంలో తాతయ్య కూర్చునే చోట ఎవరు కూర్చోవాలన్న దగ్గర వచ్చిందని మా అమ్మ చెప్పేది. పెద్దమ్మ వైపు కథ వేరేగా ఉండేదిట. ఏదైతేనేం, ఇల్లొకటే, వంటిల్లూ ఒకటే, పొయ్యిలు మాత్రం రెండయ్యాయి. తూర్పు గోడవార పెద్దమ్మ, పడమటి గోడవార అమ్మ, ఒకరికొకరు వీపు పెట్టుకుని వండేవాళ్ళు. ఏదైనా చెప్పుకోవాలంటే మా పిల్లల ద్వారానే.

పిల్లలమంటే ఇద్దరమే. పెదనాన్నగారి అమ్మాయి, నేను. నాకంటే రెండు నెలలు పెద్దది. ఒక మంచంమీదే పడుకునేవాళ్ళం, ఒక పలకమీదే రాసుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే రెండు పొయ్యిలవడం మాకు బాగానే ఉండేది. రెండు చోట్లా తినేవాళ్ళం.

మా నాయనమ్మకే ముద్ద దిగేది కాదు. ఒక పూట ఇటు, ఒక పూట అటు తినేది. ఎటు తిన్నా కంచంలో సగం వదిలేసేది.

కార్తీకమాసం వచ్చింది. ఒకరోజు ఇద్దరు కొడుకుల్నీ హాల్లోకి పిలిచింది. "మీ నాన్న ఉండగా కార్తీకంలో లంకకి వెళ్ళకుండా ఉన్నామర్రా ఎప్పుడైనా? పడవ బాగుచేయించండి. అందరం వెళ్దాం. ఒక రాత్రి ఉండి వచ్చేద్దాం" అంది.

ఇద్దరూ ఒప్పుకుంటారని ఎవ్వరూ అనుకోలేదు. ఆవిడా అనుకోలేదు. పెదనాన్న కాసేపు ఆలోచించి "సరేనమ్మా" అన్నాడు. మా నాన్న మర్నాడు పొద్దున్నే "వెళ్దాంలే" అన్నాడు. నాయనమ్మ ఆ రోజు కంచంలో ఒక్క మెతుకు వదల్లేదు.

సామాను తనే సర్దింది. ఇసుక పోసిన రేకు తొట్టిలో ఒక పొయ్యి. ఒక అన్నం గిన్నె, ఒక కూర గిన్నె, దిబ్బరొట్టెకి ఒక మూకుడు, ఒక గరిటె, ఒక ఉప్పు జాడీ. అమ్మ రెండో పొయ్యి తేబోతే "పడవ బరువైపోతుందమ్మాయ్" అని వెనక్కి పంపేసింది.

తెల్లవారుతుండగా బయల్దేరాం. తాతయ్య కాలంనుంచీ ఉన్న సరంగే పడవ నడిపాడు. కాలవలో గెడ వేసుకుంటూ పోయి, లాకుల దగ్గర తలుపులు తెరిచేదాకా ఆగి, నీటితోపాటు మేమూ మెల్లగా కిందికి దిగి, గోదావరిలో పడ్డాం. పడగానే తెరచాప ఎత్తాడు. చాప ఒక్కసారి ఫట్‌మని ఉబ్బింది. పడవ పక్కకి ఒరిగి ముందుకి ఉరికింది. మేమిద్దరం కెవ్వుమని ఒకరినొకరు పట్టుకున్నాం.

"గాలి మనకి వాలుగానే ఉందండమ్మగారూ" అన్నాడు సరంగు. "ఎండెక్కేలోగా లంక చేరిపోతామండి. దిగి చెట్టు కింద సుబ్బరంగా వండుకోవచ్చు. ఇక్కడెందుకండీ ఈ పొగలో."

"వద్దు నాయనా, పడవలోనే" అంది నాయనమ్మ. "ఒడ్డున దిగితే తలో చెట్టు కిందకీ పోతారు. ఇక్కడైతే ఎక్కడికి పోతారు?"

నిజమే, పోవడానికి చోటు లేదు. పెదనాన్న ముందు బల్లమీద నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. నాన్న వెనక చుక్కాని దగ్గర, ఇంకోవైపు నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో గూడు కింద పొయ్యి, పొయ్యికి అటూ ఇటూ తోడికోడళ్ళు. మోకాళ్ళు తగులుతున్నాయి. ఇంట్లోలాగా వీపు తిప్పుకుందామంటే తల గూడుకి కొట్టుకుంటుంది.

పొద్దున్న దిబ్బరొట్టె. పిండి మూకుట్లో పోసి, మూతమీద నిప్పులేసి కాల్చాలి. మూకుడు పెద్దమ్మ పట్టుకుంటే నిప్పులు అమ్మ ఎత్తిపొయ్యాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదది. నాయనమ్మకి ఆ సంగతి తెలుసు. ఇద్దరూ ఒక్క మాటా లేకుండా చేశారు. అడుగు ఎర్రగా కాలి, పైన మెత్తగా పొంగిన రొట్టెని నాయనమ్మ తుంచి చెరుకు పానకంలో ముంచి పెట్టింది. ఆ అడుగు ముక్కకోసం మేమిద్దరం కొట్టుకున్నాం.

మధ్యాహ్నానికి కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం. వాటికి మాటలు లేకపోతే కుదరదు.

"దప్పళంలో ఉప్పేశారేమో కనుక్కోవే" అంది అమ్మ నాతో. పెద్దమ్మ రెండడుగుల దూరంలో ఉంది.

"వెయ్యలేదని చెప్పవే" అంది పెద్దమ్మ తన కూతురితో.

"వెయ్యలేదుటే" అంది అది నాతో.

"వెయ్యలేదుటమ్మా" అన్నాను నేను. చుక్కాని దగ్గర సరంగు మొహం పక్కకి తిప్పేసుకున్నాడు, నవ్వాపుకోలేక.

మా పని మేం చూసుకుంటున్నాం. నువ్వులు, బెల్లం కలిపి ఇంట్లోనే దంచుకున్న చిగిలి ఉండ ఒకటి తెచ్చుకుని ముందు బల్ల కింద దాచాం. పొట్టమీద పడుకుని చెయ్యి లోపలికి పోనిచ్చి చిదుపుకుంటూ, చీమలు పట్టిన చోటు దులుపుకుంటూ తింటున్నాం. అప్పుడు పెద్దమ్మ గరిటె కడుక్కురమ్మని మా చేతికిచ్చింది. నేను కడుగుతానంటే నేను కడుగుతానని ఇద్దరం పట్టుకు లాగాం. చిగిలి జిగట చేతులు. గరిటె జారి బుడుంగుమని గోదావరిలో పడింది.

ఉన్నదొకటే గరిటె. పొయ్యిమీద దప్పళం కుతకుత ఉడుకుతోంది. అమ్మకీ పెద్దమ్మకీ ఏం చెయ్యాలో తోచలేదు. మమ్మల్ని తిట్టడం కూడా మర్చిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా నెలల తర్వాత అలా చూసుకోవడం.

పెదనాన్న లేచి వచ్చాడు. కొట్టిన కొబ్బరిచిప్ప ఒకటి తీసుకుని దానికి కన్నాలు పొడవడం మొదలుపెట్టాడు. నాన్న వెనకనుంచి వెదురుబద్ద ఒకటి విరిచి చెక్కుకుంటూ వచ్చాడు. పెదనాన్న చిప్ప పట్టుకుంటే నాన్న బద్ద దూర్చాలి. పడవ ఊగుతోంది. బద్ద జారిపోతోంది.

"గట్టిగా పట్టుకో అన్నయ్యా!" అన్నాడు నాన్న.

తనేమన్నాడో అన్నాక గాని నాన్నకి తెలిసినట్టు లేదు.

"నేను గట్టిగానే పట్టుకున్నాన్రా. నీ బద్దే సరిగ్గా లేదు. చిన్నప్పుడు గాలిపటం పుల్లలు కూడా ఇలాగే చెక్కేవాడివి" అన్నాడు పెదనాన్న.

నాన్నకి నవ్వొచ్చింది. పెదనాన్నకీ వచ్చింది. అంతే, అమ్మ, పెద్దమ్మ, సరంగు, అందరూ పడీపడీ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. చెంగు నోట్లో కుక్కుకుని నీళ్ళవైపు తిరిగి కూర్చుంది.

చిప్ప గరిటెతో దప్పళం కలిపారు. పెద్దమ్మ రుచి చూసి, నేరుగా అమ్మతోనే, "బెల్లం ఇంకొంచెం పడాలేమో, నువ్వు చూడవే" అంది. అమ్మ చూసింది. "చాలక్కా, సరిపోయింది" అంది.

నాయనమ్మ అన్నమంతా పెద్ద పళ్ళెంలో గుమ్మరించి, దప్పళం పోసి, నెయ్యి వేసి కలిపింది. మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోమని చేతుల్లో ముద్దలు పెట్టింది. ముందు మాకు, తర్వాత కోడళ్ళకి, తర్వాత కొడుకులకి. నెరుస్తున్న తలలేసుకుని వాళ్ళిద్దరూ అరచేతులు చాచారు. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని తల వంచేసుకున్నాడు. ఎంతసేపటికీ ఎత్తలేదు. వేడికి నోరు కాలిందేమో అనుకున్నాను.

సాయంత్రందాకా గోదావరిలోనే తిరిగి, అప్పుడు లంక ఒడ్డున పడవ కట్టేశారు. నీళ్ళలో అరటిడొప్పల్లో దీపాలు వదిలాం. గూడు కింద మగవాళ్ళు ఒక వైపు, మేమంతా ఒక వైపు పడుకున్నాం. నా మీద కాలేసి పెదనాన్నగారమ్మాయి అంది: "ఒసేయ్, ఇంటికెళ్ళాక మళ్ళీ ఒకే వంటటే. నాయనమ్మ చెప్పింది."

"అయితే దిబ్బరొట్టె అడుగు ఒక్కటే ఉంటుందే" అన్నాను. ఆ దిగులుతోనే నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోవాలి. సరంగు తాడు విప్పబోతుంటే నాన్న పెదనాన్నకేసి చూసి, "సాయంత్రానికి చేరితే చాలు కదన్నయ్యా?" అన్నాడు.

"ఆఁ, ఇప్పుడెళ్ళి చేసేదేముంది. మధ్యాహ్నం భోజనాలయ్యాకే బయల్దేరదాం" అన్నాడు పెదనాన్న.

నాయనమ్మ మొహం ఆ క్షణంలో ఎలా వెలిగిందో నేను ఇన్నేళ్ళలో మర్చిపోలేదు. మర్చిపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. గబగబా గూడు కిందకి వచ్చి అమ్మనీ పెద్దమ్మనీ చెరో చేత్తో పట్టుకుంది. "విన్నారటే? ఇంకో పూట ఉందామంటున్నారు. వాళ్ళంతట వాళ్ళే అంటున్నారు" అంది. "ఇంటికెళ్ళగానే ఆ రెండో పొయ్యి తీసేద్దామర్రా."

"మీ ఇష్టమండీ అత్తయ్యగారూ" అంది పెద్దమ్మ. అమ్మ తలూపింది. వాళ్ళకేమీ తెలియదు. తెలిసి అలా అనగలిగేవాళ్ళు కాదు.

అన్నదమ్ములిద్దరూ బయట ఒకే బల్లమీద కూర్చున్నారు. ఆవిడ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో గాలి ఎదురు. చాప దించేసి ఒడ్డు వెంబడి తాడుతో లాగారు, గెడలేశారు. కాలవలోకి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు.

వీధి గుమ్మంలోంచే తడి సున్నం వాసన వచ్చింది. నాయనమ్మ ముందు నడుస్తోంది. హాలు దాటి మండువా గుమ్మంలో ఆగిపోయింది. మేం ఆవిడ చంకల కిందనుంచి తలలు దూర్చి చూశాం.

మండువా వాకిలి మధ్యలో గోడ. మనిషెత్తు ఉంది. అటు ఆ చివరినుంచి వంటింట్లోకి పోయి, రెండు పొయ్యిల మధ్యనుంచి వెనక గోడకి కలిసింది. ఇటుకలింకా తడిగా ఉన్నాయి. కింద బల్బు వెలుతుర్లో మేస్త్రి తాపీ కడుక్కుంటున్నాడు. మమ్మల్ని చూసి సంతోషంగా లేచాడు.

"పనైపోయిందండయ్యగారూ. తమరిద్దరూ కలిసొచ్చి చెప్పారు గదండీ, అమ్మగారు తిరిగొచ్చేలోగా లేచిపోవాలని. పొద్దున్నే వచ్చేస్తారేమోనని బయపడ్డామండి. ఈ పూట గడువిచ్చారు గాబట్టి సరిపోయింది. పూత ఒక్కటే మిగిలిందండి."

పాపం అతని తప్పేముంది. పని బాగా చేశానని చెప్పుకుంటున్నాడు.

నాయనమ్మ వెనక్కి తిరిగి కొడుకులిద్దర్నీ చూసింది. ఆవిడ ఏడుస్తుందనీ, తిడుతుందనీ, గోడకి అడ్డంపడుతుందనీ భయపడే వాళ్ళిద్దరూ ఆవిడ లేనప్పుడు గోడ కట్టించారు. ఆవిడ అవేమీ చెయ్యలేదు.

"కలిసే వెళ్ళార్రా ఇద్దరూ?" అని అడిగింది.

పెదనాన్న చేతిలో మూట కింద పెట్టాడు.

"మరి నేనెటో చెప్పండి. కాళ్ళు పీకుతున్నాయి, పడుకుంటాను" అంది.

అది వాళ్ళు అనుకోలేదు. ఇటుకలు, సున్నం, కొలతలు అన్నీ మాట్లాడుకున్నారు గాని, అమ్మ ఎటన్నది మాట్లాడుకోలేదు. ఆ రాత్రికి ఆవిడ వీధి అరుగుమీద పడుకుంది.

తర్వాత నెలకొక ఇంట్లో ఉండేలా ఏర్పాటు చేశారు. ఏ ఇంట్లో ఉన్నా వంటింట్లోకి మాత్రం వెళ్ళేది కాదు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. పెరుగన్నం కంచంలో పిసుకుతూ కూర్చునేది. నాతో అంతకుముందులాగే మాట్లాడేది గాని, నాన్నతో మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. ఎక్కువ కాలం బతకలేదు. పోయింది మా నెలలో. పెదనాన్న వాళ్ళు వీధిలోంచి చుట్టు తిరిగొచ్చి చూసి వెళ్ళారు.

పడవని మాత్రం ఎలా పంచుకోవాలో ఎవరికీ తోచలేదు. ఒకరు బాగుచేయిస్తే ఇంకొకరికి లాభమని ఎవరూ ముట్టుకోలేదు. కాలవ మలుపులో కట్టినచోటే నీళ్ళు పట్టి, ఒక వానాకాలంలో కూర్చుండిపోయింది. బల్లలు ఎవరో పొయ్యిలోకి పీక్కుపోయారు. బడికి పోతూ రోజూ చూసేదాన్ని. తర్వాత గుర్రపుడెక్క కమ్మేసింది.

మొదట్లో గోడ మీదనుంచి పిల్చుకునేవాళ్ళం, నేనూ పెదనాన్నగారమ్మాయీ. ఆ చివర బిందె బోర్లేసుకుని ఎక్కి చేతులు అందుకునేవాళ్ళం. ఒకరోజు దాన్ని ఎవరో కిందకి లాగారు. చెంపమీద కొట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పెదనాన్న తన సగం ఎవరికో అమ్మేసి కాకినాడలో దుకాణం పెట్టుకుని వెళ్ళిపోయాడు. సామాను బండి కదిలేటప్పుడు నేను బడిలో ఉన్నాను. వచ్చేసరికి అటువైపు కొత్తవాళ్ళ గొంతులు.

చాలా ఏళ్ళకి, నాన్న మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం జావ పడుతూ అడిగాను. అప్పటికి పెదనాన్న పోయాడు. కబురు మాకు పన్నెండో రోజు కూడా దాటాక తెలిసింది.

"నాన్నా, ఆ రోజు పడవలో మీరిద్దరూ నవ్వారు కదా. అదీ నాయనమ్మ కోసమేనా?"

ఇంకో రెండు చెంచాలు తాగాడు. వినలేదేమో అనుకున్నాను.

"కాదమ్మా, అది నిజమే" అన్నాడు. "అన్నయ్య చిప్ప పట్టుకున్నప్పుడు, ఆ మేస్త్రీని మాన్పించేద్దామా అని నోటిదాకా వచ్చింది. ఆయనేమనుకుంటాడో, నేను దిగివచ్చాననుకుంటాడేమోనని ఊరుకున్నాను. మర్నాడు పొద్దున్నా వచ్చింది. ఈలోగా ఆయనే ఇంకో పూట ఆగుదామన్నాడు. అంటే ఆయన మనసు మారలేదనుకున్నాను."

ముందా మాట అడిగింది నాన్నే. పెదనాన్న కాదు. నాకు బాగా గుర్తు. పెదనాన్న కూడా సరిగ్గా ఇదే అనుకుని ఉంటాడు, తమ్ముడి మనసు మారలేదని. ఆ మాట నాన్నతో అనలేదు. అని ఏం లాభం? జావ పట్టి మూతి తుడిచాను.

కిందటేడు పెనుగొండ అమ్మవారి గుడిలో, ప్రసాదం దగ్గర, నా ముందు నిలబడ్డావిడ చెవి వెనక పుట్టుమచ్చ చూసి ఆగిపోయాను. ఆ మచ్చ పక్కనే ఏళ్ళ తరబడి తల పెట్టుకుని పడుకున్నాను. చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాను. ఇప్పుడా పేరు తెలిసినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు.

వెనక్కి తిరిగింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది. పట్టిందని నాకు తెలుసు, కళ్ళు ఒక్కసారి అటూ ఇటూ కదిలాయి. నా చేతికేసి చెయ్యి చాచబోయి, పళ్ళెం సర్దుకుంది.

"బావున్నారాండీ?" అంది.

పక్కనున్న కోడలు నవ్వుతూ "ఎవరండీ అత్తయ్యగారూ?" అని అడిగింది.

తను ఒక్క క్షణం ఆలోచించింది. ఎక్కడనుంచి మొదలుపెట్టి చెప్పాలో తోచనట్టు నాకేసి చూసింది. ఇంతలో వెనకవాళ్ళు తోస్తున్నారు.

"మా ఊరివాళ్ళమ్మా" అంది.

"అవునండీ" అన్నాను నేను. ప్రసాదం తీసుకుని, పక్కకి తప్పుకుని, వాళ్ళకి దారిచ్చాను.